పాత కారుకు కొత్త ఈసీయూ: రూపకల్పన, పరీక్ష

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరు ఏం లెక్కిస్తుందో వివరించగలుగుతారు.
- పాత కనెక్టరులోనే అమరే ఈసీయూను రూపొందించే దశలను వరుసగా చెప్పగలుగుతారు.
- ఏ దశలో తొందరపడితే ఇంజిన్‌కు ఏ హాని కలుగుతుందో గుర్తించగలుగుతారు.

1. ప్రవేశిక

2000 ప్రాంతం నుంచి మన దేశంలో ఉద్గార ప్రమాణాలు కఠినమవుతూ వచ్చాయి. దాంతో పెట్రోలు కార్లలో కార్బురేటరు స్థానాన్ని ఇంజెక్టర్లు, వాటిని నడిపే ఈసీయూ ఆక్రమించాయి. ఈసీయూ అంటే ఇంజిన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటరు. మారుతి 800 వంటి చిన్న కారులో కూడా ఈ మార్పు వచ్చింది.

ఆ తొలి తరం కార్లకు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి. ఇంజిన్ బాగానే ఉన్నా ఈసీయూలోని కెపాసిటర్లు పాడై, సోల్డరు అతుకులు పగిలి, లేదా నీరు దిగి బండి నిలిచిపోవచ్చు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రహదారి పక్కనున్న ఒక షెడ్డుకు అలాంటి కారు వచ్చిందనుకోండి. కంపెనీ కొత్త ఈసీయూ దొరకకపోతే, తుక్కు బండి నుంచి తీసిన పాతదాని కోసం వెతకాలి. అదీ దొరకకపోతే నడవగలిగిన కారును తుక్కుకు వేయాలి. అదే కారు మీద బతుకుతున్న యజమానికి ఇది చిన్న నష్టం కాదు.

ఇక మిగిలింది మూడో దారి: వైర్లు కోయకుండా పాత కనెక్టరులోనే గుచ్చగలిగే కొత్త ఈసీయూను తయారు చేయడం. 2001లో అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో మెగాస్క్విర్ట్ అనే ఈసీయూను ఎవరికి వారు అతికించుకునే కిట్‌గా అందించారు. తరవాత ఆర్డుయినో మెగా బోర్డు మీద నడిచే స్పీడుయినో వచ్చింది. దాని సర్క్యూటు, ప్రోగ్రాము రెండూ అందరికీ అందుబాటులో ఉన్నాయి. కాబట్టి ఈసీయూ పెట్టెను తయారు చేయడం ఇప్పుడు అంత కష్టం కాదు. మన ఇంజిన్‌కు ఏం కావాలో కొలిచి దానికి సరిగ్గా తెలియజేయడమే అసలు కష్టం.

2. ఈసీయూ ఏం లెక్కిస్తుంది?

ఎంత పెట్రోలు పోయాలి, స్పార్కు ఎప్పుడు ఇవ్వాలి అన్నవి ఈసీయూ చేసే రెండు ముఖ్యమైన లెక్కలు. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 1 వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి కావాలి. సిలిండరులోకి వచ్చే గాలి బరువు దాని పీడనం, ఉష్ణోగ్రతల మీద ఆధారపడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండరు పరిమాణం సుమారు 265 సీసీ. ఇబ్రహీంపట్నం ప్రాంతం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కనుక గాలి పీడనాన్ని 950 మిల్లీబార్లుగా తీసుకుందాం. సిలిండరు 80 శాతం నిండుతుందని అనుకుందాం. 15 డిగ్రీల చలికాలపు ఉదయం ఒక్కో దహనానికి సుమారు 16.6 మిల్లీగ్రాముల పెట్రోలు కావాలి. 42 డిగ్రీల ఎండలో 15.1 చాలు. ఇంజెక్టరు మిల్లీసెకనుకు 2 మిల్లీగ్రాములు పోస్తుందనుకుంటే, అది తెరిచి ఉండవలసిన సమయం 8.3 నుంచి దాదాపు 7.6 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. గాలి ఉష్ణోగ్రత సెన్సరు విలువలు తప్పుగా నమోదైతే, ఉదయం బాగా నడిచిన బండి మధ్యాహ్నం మొరాయిస్తుంది.

3. రూపకల్పన దశలు

మొదటి దశ, పిన్నుల పట్టిక. కనెక్టరు ఆకారం ఒకటే అయినంత మాత్రాన పిన్నులు ఒకటే కావు. ప్రతి వైరు ఎక్కడికి వెళుతుందో మల్టీమీటరుతో చూసి రాసుకోండి. ఇంజెక్టరు నిరోధం 12 నుంచి 16 ఓమ్‌లు ఉంటే కరెంటు ఒక ఆంపియరు చుట్టుపక్కల ఉంటుంది. 2, 3 ఓమ్‌లే ఉంటే 5 ఆంపియర్లు దాటవచ్చు. దాన్ని అదుపు చేసే సర్క్యూటు లేకపోతే ఇంజెక్టరో ట్రాన్సిస్టరో కాలిపోతుంది.

రెండో దశ, క్రాంక్‌షాఫ్ట్ సంకేతం. చాలా కార్లలో 60 పళ్లకు 2 పళ్లు తీసేసిన చక్రం ఉంటుంది. ఆ ఖాళీని బట్టే ఈసీయూ షాఫ్టు స్థానాన్ని గుర్తిస్తుంది. ఇక్కడ ఒక్క పన్ను తేడా అంటే 6 డిగ్రీల తేడా. నిమిషానికి 6000 చుట్ల వద్ద ఒక డిగ్రీ తిరగడానికి పట్టే కాలం సుమారు 28 మైక్రోసెకన్లే. కాబట్టి సంకేతాన్ని ఆసిలోస్కోపులో చూసి నమోదు చేసుకోవాలి.

మూడో దశ, విద్యుత్ రక్షణ. స్టార్టరు తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి 9, 10 వోల్టులకు పడిపోవచ్చు. ఛార్జింగ్ జరుగుతుండగా బ్యాటరీ తీగ ఊడితే క్షణకాలం పదుల వోల్టులు రావచ్చు. ఈ రెండింటినీ మన బోర్డు తట్టుకోవాలి.

నాలుగో దశ, బల్ల మీద పరీక్ష. మరో ఆర్డుయినోతో కృత్రిమ క్రాంక్ సంకేతం ఇచ్చి, ఇంజెక్టర్లకు, కాయిల్‌కు బదులు ఎల్‌ఈడీలు పెట్టి చూడండి. స్విచ్ వేసిన క్షణంలో ఏ ఎల్‌ఈడీ వెలిగినా కారులో అమర్చకండి. నిజమైన ఇంజెక్టరైతే పెట్రోలు కారి ఉండేది.

అయిదో దశ, మొదటి స్టార్టు. స్పార్కును ఈసీయూలో 10 డిగ్రీల వద్ద స్థిరపరచి, టైమింగ్ లైటుతో పుల్లీ మీద కూడా అదే 10 కనిపిస్తోందా అని చూడండి. రెండూ కలిసేదాకా ముందుకు వెళ్లకూడదు.

ఆరో దశ, ట్యూనింగ్. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సరు అమర్చి, తక్కువ బరువు మీద మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. అధిక బరువు మీద మిశ్రమం పల్చబడితే వేడి పెరిగి, నాకింగ్ వచ్చి, పిస్టను దెబ్బతింటుంది. మరీ చిక్కబడితే పెట్రోలు ఇంజిన్ ఆయిలులో కలుస్తుంది, కెటలిటిక్ కన్వర్టరు పాడవుతుంది.

4. చట్టం, బాధ్యత

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నిర్దేశించిన వివరాలు రిజిస్ట్రేషను పత్రంతో విభేదించే విధంగా వాహనాన్ని మార్చకూడదు. ఉద్గారాల పరిమితులు 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 115వ నియమంలో ఉన్నాయి. అందువల్ల మన లక్ష్యం శక్తి పెంచడం కాకూడదు, కారును దాని పాత స్థితికి తేవడమే కావాలి. కాలుష్య పరీక్ష నిలిపి ఉంచిన బండి మీద జరుగుతుంది. అందులో నెగ్గినంత మాత్రాన రోడ్డు మీద కూడా మిశ్రమం సరిగ్గా ఉందని అనుకోకూడదు. నడుస్తున్న బండిలోని కొలతలను కూడా నమోదు చేసి యజమానికి ఇవ్వండి. రేపు ఆ బండిని చూసే మెకానిక్‌కు మీ పిన్నుల పట్టిక, ఆ కొలతలే ఆధారం.

5. సారాంశం

ఈసీయూ తనకిచ్చిన విలువలను నమ్మి లెక్క కడుతుంది. విలువలు తప్పయితే లెక్క సరైనదైనా ఇంజిన్ పాడవుతుంది. కాబట్టి కొలవడం, బల్ల మీద పరీక్షించడం, తరవాతే కారులో అమర్చడం అనే వరుసను తప్పకుండా పాటించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 2.4 ఓమ్‌ల ఇంజెక్టరులో 14.4 వోల్టుల వద్ద ఎంత కరెంటు ప్రవహిస్తుంది? దాన్ని నేరుగా నడపవచ్చా?
2. క్రాంక్ చక్రంలో రెండు పళ్లు తేడాగా లెక్కిస్తే స్పార్కు ఎన్ని డిగ్రీలు తప్పుతుంది?
3. కాలుష్య పరీక్షలో నెగ్గిన కారును కూడా రోడ్డు మీద ఎందుకు పరీక్షించాలి?