నేలవేము చేదులో ఏముంది?

వానలు వెనకబట్టాక గట్ల వెంట, తోటల నీడన, ఎవరూ నాటకుండానే నేలవేము లేస్తుంది. మహా అయితే నడుమెత్తు మొక్క. కాండాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి తిప్పి చూడండి, గుండ్రంగా దొర్లదు. నాలుగు పలకలూ వేళ్లకు తగులుతాయి. పువ్వు తెల్లగా, చిన్నగా, రెండు పెదవులతో ఉంటుంది. పెదవి మీద ఊదారంగు మరకలు. కాయ ఎండితే ఇంకో తమాషా: నిలువునా రెండుగా చిట్లి, లోపలి బుల్లి కొక్కేల ఊతంతో గింజల్ని దూరంగా విసిరేస్తుంది. మన కంచెల్లో పెరిగే అడ్డసరం కూడా ఈ కుటుంబానిదే.

ఆకు కొస కొరికితే వేపాకే నయమనిపిస్తుంది. నీళ్లు తాగినా, బెల్లం తిన్నా ఆ చేదు ఒక పట్టాన వదలదు. దానికి ముఖ్య కారణం ఆండ్రోగ్రాఫొలైడ్ అనే పదార్థం. 1911లో గోర్టర్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని విడదీశాడు. ఇరవై కార్బన్ పరమాణువులున్న ఈ అణువు ఎక్కువగా ఆకుల్లోనే పోగుపడుతుంది. తినవచ్చిన నోటిని తరిమే సరుకు, మన ఊపిరితిత్తుల మంట దగ్గర ఏం చేస్తుందన్నదే అసలు వింత.

మన ఊపిరితిత్తుల్లో దాదాపు 48 కోట్ల గాలిగదులున్నాయి. గాలికీ రక్తానికీ నడుమ గోడ చాలాచోట్ల ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు. అంత పలచన కాబట్టే ప్రాణవాయువు చిటికెలో దాటుతుంది. న్యుమోనియానో, ఒళ్లంతా పాకిన ఇన్‌ఫెక్షనో వచ్చినప్పుడు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి ఎగబడతాయి. క్రిముల మీద చల్లాల్సిన ఆయుధాలు గోడ మీదా పడతాయి. గోడ కారుతుంది, గదుల్లో నీరు నిండుతుంది, మనిషి గాలిలోనే మునిగిపోతాడు. 1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు 12 మంది రోగుల్లో గమనించి లోకానికి చెప్పిన జబ్బు ఇదే. ఇప్పుడు ఏఆర్‌డీఎస్ అంటున్నారు.

ఈ దండును పిలిచేవాటిలో ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ ముఖ్యం. మామూలు రోజుల్లో అది కణంలో ఓ మూల పడి ఉంటుంది. అపాయం పసిగట్టగానే కేంద్రకంలోకి దూరి, డీఎన్‌ఏను పట్టుకుని, మంట రేపే జన్యువుల్ని లేపుతుంది. ఆండ్రోగ్రాఫొలైడ్ ఆ ప్రొటీన్‌లోని ఒక భాగానికి, సరిగ్గా 62వ స్థానంలో ఉన్న సిస్టీన్‌కు, అతుక్కుంటుందని 2004లో వెలువడిన పరిశోధన చూపింది. తాళం కప్పలో పుల్ల విరిగి ఇరుక్కున్నట్టే, ఇక డీఎన్‌ఏ మీద దాని పట్టు కుదరదు.

ఎలుకల్లో ఈ సంగతి కళ్లకు కడుతుంది. బ్యాక్టీరియా పైపొర నుంచి తీసిన ఎల్‌పీఎస్‌ను శ్వాసనాళంలోకి ఎక్కిస్తే ఊపిరితిత్తులు ఉబ్బుతాయి. ఆండ్రోగ్రాఫొలైడ్ ఇచ్చిన ఎలుకల్లో వాపు, న్యూట్రోఫిల్స్ రద్దీ తగ్గాయి. అడ్డసరం మీదా ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్ జినోమిక్స్ సంస్థ పరిశోధకులు ఎలుకల్లో ప్రయోగాలు చేసి 2021లో ఆశాజనకమైన ఫలితాలు ప్రచురించారు.

ఇక్కడే నాకు కాస్త అనుమానం. ఇలాంటి ప్రయోగాల్లో మందు తరచూ ముందే పడుతుంది, లేదా గాయమైన కాసేపటికే. ఐసీయూకి వచ్చే రోగికి ఆ వెసులుబాటు ఏది? పైగా ఈ చేదు నీటిలో సరిగా కరగదు, నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది కొంచెమే. నానో రేణువుల్లో ఇమిడ్చి, పీల్చే మందుగా మార్చి చూస్తున్నది అందుకే. థాయ్‌లాండ్ ప్రభుత్వం కోవిడ్ రోజుల్లో నేలవేమును వాడనిచ్చింది గానీ, అది తేలికపాటి లక్షణాలున్న వాళ్లకే. వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాల్ని సుమారు మూడో వంతు తగ్గించిందని 2020లో తేలింది మాత్రం డెక్సామెథసోన్ అనే చవకైన పాత స్టెరాయిడ్ గురించి. ఏఆర్‌డీఎస్‌కు ఆమోదం పొందిన మొక్కల మందు నేటికీ లేదు.

కాబట్టి గట్టు మీద నేలవేము కనిపిస్తే పీకి పారేయకండి, పువ్వును దగ్గరగా చూడండి. ఇంట్లో ఎవరికైనా ఊపిరాడక పెదవులు నీలబడుతుంటే మాత్రం కషాయం కాస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.