రాజ్‌దూత్ 350: పరుగు ఎక్కువ, పట్టు తక్కువ

ఎనభైల్లో బుల్లెట్ మీద చేయి తిరిగినవాడు రాజ్‌దూత్ 350 ఎక్కితే ముందు కాళ్లే తడబడేవి. అప్పటి బుల్లెట్‌కి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. ఇందులో అదంతా తిరగేసి ఉండేది. బ్రేకనుకుని గేరు తొక్కి, నాలుక కరుచుకుని, సర్దుకుని బయల్దేరితే, నెమ్మదిగా పోతున్నంతసేపూ వింతేమీ కనిపించదు. కాస్త నీలిపొగ, కాస్త గరగర. టాకోమీటర్ ముల్లు ఐదువేలు దాటగానే మాత్రం ఒళ్లు వెనక్కి తూలుతుంది. గేరు మార్చాలని తోచేలోపే ముందున్న లారీ దగ్గరికొచ్చేస్తుంది. పైగా గేర్లు ఆరు!

ఈ బండి పుట్టిల్లు జపాన్. యమహా 1973లో తెచ్చిన ఆర్‌డీ 350కి తర్వాతి రూపం ఆర్‌డీ 350బీ. దాని నమూనాతోనే 1983లో ఎస్కార్ట్స్ కంపెనీ మన దేశంలో ఈ బండి తయారుచేసింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్. దాదాపు అంతే సీసీ ఉన్న బుల్లెట్ 18 గుర్రాల శక్తితో నడుస్తున్న కాలంలో ఇది 30.5 ఇచ్చింది.

ఈ తేడాలో సగం టూ స్ట్రోక్‌దే. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో పిస్టన్ రెండు చుట్లకోసారి మంట చూస్తుంది, ఇందులో ప్రతి చుట్టుకీ చూస్తుంది. అయితే మామూలు టూ స్ట్రోక్‌కి ఒక జబ్బుంది. పిస్టన్ పైకి పోతున్నప్పుడు కింది గదిలో ఖాళీ ఏర్పడి, పెట్రోలు కలిసిన గాలి లోపలికొస్తుంది. పిస్టన్ దిగేటప్పుడు, దారి పూర్తిగా మూసుకునేలోపే అందులో కొంత వచ్చిన దారినే కార్బొరేటర్‌లోకి తన్నుకొస్తుంది. వేగం తక్కువగా ఉన్నప్పుడు ఈ బాధ మరీ ఎక్కువ.

యమహా వాళ్ల మందు రీడ్ వాల్వ్. కార్బొరేటర్ విప్పితే వెనకాల వి ఆకారంలో చిన్న దిమ్మ, దాని రెండు వాలుల మీదా కాగితంలా పల్చటి స్టీలు రేకులు కనిపిస్తాయి. లోపల ఖాళీ ఏర్పడితే రేకులు వంగి దారి ఇస్తాయి, ఒత్తిడి తిరగబడగానే టపీమని మూసుకుంటాయి. పొలం మోటారు ఫుట్‌వాల్వ్ చేసే పనే ఇది, కాకపోతే నిమిషానికి వేలసార్లు. మెకానిక్కులు ఆ దిమ్మని ఎండకేసి పట్టి చూస్తారు. రేకు అంచున వెలుతురు గీత కనిపిస్తే అది వంగిపోయినట్టే.

ఇక ఆ ఐదువేల దగ్గరి ఊపు సైలెన్సర్ పని. పొగతోపాటు ఒత్తిడి అల ఒకటి గొట్టంలోకి పోతుంది. చివర సన్నబడే చోట తగిలి వెనక్కొచ్చి, సిలిండర్‌లోంచి జారిపోతున్న కొత్త మిశ్రమాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది. అల తిరిగొచ్చే వేళకి దారి ఇంకా తెరిచి ఉండాలి. అది కొన్ని వేగాల దగ్గరే కుదురుతుంది.

ఇంత ఇంజిన్‌కి తగ్గ పగ్గం మాత్రం లేదు. జపాన్ బండికి ముందు డిస్క్ బ్రేకు ఉండేది, మనకొచ్చిన దానికి డ్రమ్ము పెట్టారు. డిస్క్ గాలిలో తిరుగుతూ చల్లబడుతుంది, డ్రమ్ములో వేడి లోపలే ఉండిపోయి, నాలుగుసార్లు గట్టిగా నొక్కేసరికి పట్టు తగ్గుతుంది. పైగా టూ స్ట్రోక్‌లో యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ బండిని పెద్దగా ఆపదు, భారమంతా బ్రేకుదే. ఈ బండికి ప్రాణాలు తీస్తుందన్న పేరు అంటుకుంది. కుర్రాళ్ల దూకుడుని తప్పుపట్టినవాళ్లే ఎక్కువ, నాకు మాత్రం డ్రమ్ముదే పెద్ద తప్పనిపిస్తుంది.

అమ్మకాలని దెబ్బతీసింది ప్రమాదాలకంటే పెట్రోలు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి మైలేజీ రుచి చూపించింది. రాజ్‌దూత్ సైలెన్సర్ దారి ఇరుకు చేసి, శక్తిని 27 గుర్రాల దగ్గరికి దించి మరో రకం తెచ్చారు. తాగుడూ పెద్దగా తగ్గలేదు, పరుగూ పోయింది. విడిభాగాల ధర వింటే గుండె గుభేలుమనేది. ఆ దశకం ముగిసేసరికి తయారీ ఆగిపోయింది.

విచిత్రమేమిటంటే అదే ఎస్కార్ట్స్ అదే 1985లో అదే రీడ్ వాల్వ్‌ని ఓ చిన్న బండిలో పెట్టింది. పేరు ఆర్‌ఎక్స్ 100. 98 సీసీకి 11 గుర్రాలు, అంటే సీసీ లెక్కన పెద్దన్నని మించిన శక్తి. బరువు తక్కువ కాబట్టి డ్రమ్ము బ్రేకుతోనూ నెగ్గుకొచ్చింది.

ఇప్పుడు పాత 350ని బాగుచేయించుకునేవాళ్లలో చాలామంది రంగు, క్రోమ్ పాతవాటిలాగే ఉండాలని పట్టుబడతారు కానీ, ముందు చక్రానికి మాత్రం వేరే బండి డిస్క్ తెచ్చి బిగించుకుంటారు.