జిరాక్స్ షాపులో టీషర్ట్ ప్రింటింగ్: పేపర్ తప్పితే ప్రింటర్‌కే ఎసరు

క్రికెట్ టీమ్‌కో, స్కూల్ ఫంక్షన్‌కో పది టీషర్ట్‌లు కావాలంటే స్క్రీన్ ప్రింటింగ్ గిట్టుబాటు కాదు. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ తయారు చేయాలి మరి. ఇలాంటి చిన్న ఆర్డర్లకు కలర్ లేజర్ ప్రింటర్, హీట్ ప్రెస్ ఉంటే సరిపోతుంది. సిరికొండ లాంటి మండల కేంద్రంలోని జిరాక్స్ షాపు కూడా ఈ పని మొదలుపెట్టొచ్చు.

అసలు జాగ్రత్త పేపర్ దగ్గరే. లేజర్ టోనర్ ఇంకు కాదు, సన్నటి ప్లాస్టిక్ పొడి. ప్రింటర్ లోపలి ఫ్యూజర్ దాన్ని వేడితో కరిగించి కాగితానికి అంటిస్తుంది. ఇంక్‌జెట్ ట్రాన్స్‌ఫర్ పేపర్ పెడితే దాని పూత ఆ వేడికి కరిగి రోలర్‌కు అంటుకుంటుంది. పేపర్ చవకగా దొరికిందని సంబరపడితే ప్రింటర్ రిపేర్‌కు వేలల్లో పోతాయి. అందుకే ప్యాకెట్ మీద ‘లేజర్’ అని ఉందో లేదో చూసే కొనాలి.

మామూలు లేజర్ ప్రింటర్‌లో తెల్ల టోనర్ ఉండదు. డిజైన్‌లో తెలుపు ఉన్నచోట బట్ట రంగే కనిపిస్తుంది. కాబట్టి కొత్తవాళ్లు తెల్లవి, లేత రంగువి తీసుకోవడం మేలు. నల్ల బట్టకు వేరే రకం పేపర్ కావాలి.

లేత రంగు బట్టల పేపర్ మీద డిజైన్‌ను మిర్రర్ చేసి ప్రింట్ తీయాలి. లేదంటే పేరు తెలుగులో ఉన్నా, ఉర్దూలో ఉన్నా తిరగబడుతుంది. టీషర్ట్‌ను ముందు కొన్ని సెకన్లు ప్రెస్ చేస్తే తేమ పోతుంది. ఆ తర్వాత వేడి, సమయం ప్యాకెట్ మీద రాసినట్టే పెట్టాలి. ఇస్త్రీ పెట్టెతో ఒత్తిడి అంతటా ఒకేలా పడదు, అంచులు లేస్తాయి.

ఆర్డర్ ఒప్పుకునే ముందు ఒక టీషర్ట్ వేసి, మర్నాడు తిరగేసి చల్లటి నీళ్లలో రెండు మూడుసార్లు ఉతికి చూడాలి. రంగు నిలిస్తేనే అడ్వాన్స్ తీసుకోవాలి.