పైరు తేదీలు చదివిన అద్దం

1972 జులై 23న అమెరికా పైకి పంపిన ఉపగ్రహంలో పెద్దపీట టెలివిజన్ కెమెరాలది. వర్జీనియా నార్‌వుడ్ రూపొందించిన స్కానర్‌ది పక్కపీట. సెకనుకు పదమూడుసార్లు అటూ ఇటూ కొట్టుకునే దాని అద్దం కక్ష్యలో ఎన్నాళ్లు నిలుస్తుందోనని చాలామందికి అనుమానం. తీరా చూస్తే కెమెరాలే కొద్దివారాలకు మూలపడ్డాయి. అద్దం 1978 దాకా ఆడింది. ఆ ఉపగ్రహానికే తర్వాత లాండ్‌శాట్-1 అని పేరొచ్చింది.

స్కానర్ కాంతిని అంకెల్లో కొలిచేది: ఆకుపచ్చ, ఎరుపు, కంటికి కనబడని పరారుణంలో రెండు పట్టీలు. ఒక్కో చుక్కకు దాదాపు 80 మీటర్ల నేల. పచ్చని ఆకు ఎరుపును మింగి, పరారుణాన్ని తిప్పికొడుతుంది. ఆ రెంటి తేడాతో పైరెంత పచ్చగా ఉందో తెలుస్తుంది. కానీ ఏ పైరు? ఎదిగిన రోజుల్లో గోధుమా పచ్చనే, గడ్డీ పచ్చనే.

ఉపగ్రహం 18 రోజులకోసారి అదే చేను మీదికి వచ్చేది. అసలు గుట్టు ఆ రాకపోకల్లోనే ఉంది. శీతకాలపు గోధుమను శరదృతువులో విత్తుతారు. వసంతం రాగానే, చుట్టుపక్కల పొలాలింకా బీడుగా ఉండగానే, అది పచ్చబడుతుంది. అక్కడ దొరికిపోతుంది. 1976లో కౌత్, థామస్ అనే ఇద్దరు ఈ అంకెలను గ్రాఫ్ మీద పెడితే కుచ్చుటోపీ ఆకారం వచ్చింది: పైర్లన్నీ నేల రంగు దగ్గర మొదలై, పచ్చదనం కొసకు ఎక్కి, పండుతూ పసుపు కుచ్చులా దిగుతాయి. నాకు సమీకరణాలకన్నా ఈ టోపీయే ఎక్కువ గుర్తుంటుంది.

1972లో సోవియట్ యూనియన్ గుట్టుచప్పుడు కాకుండా అమెరికా ధాన్యాన్ని భారీగా కొనేసింది. ఆ దెబ్బకు కళ్లు తెరిచిన అమెరికా, పరాయి దేశాల గోధుమను ఆకాశం నుంచే లెక్కగట్టే ప్రయోగాన్ని 1974లో మొదలుపెట్టింది. శీతకాలపు గోధుమ లెక్క కుదిరింది. వసంతకాలపు గోధుమకు మాత్రం బార్లీ అడ్డొచ్చింది. రెండూ ఇంచుమించు ఒకేసారి మొలిచి, ఒకేసారి పండుతాయి మరి.

మన వానాకాలం వరికి ఇంకో చిక్కు: మబ్బు. నార్‌వుడ్ అద్దానికి అదొక గోడే. 2012లో శ్రీహరికోట నుంచి ఎగిరిన రీశాట్-1 లాంటి రాడార్ ఉపగ్రహాలకు మబ్బు అడ్డుకాదు. దమ్ము చేసి నీళ్లు నిలిపిన మడి రాడార్ తరంగాన్ని పక్కకు తన్నేసి నల్లగా కనిపిస్తుంది. నాటిన పైరు పిలకలు వేసి ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది. ఈ నలుపు-తెలుపు వరసే వరికి ఆనవాలు. పొడి దుక్కిలో వెదజల్లిన వరికి ఆ మొదటి నలుపే ఉండదు కనుక, దాన్ని పోల్చుకోవడం ఇప్పటికీ తిప్పలే.