సంగటికి ఎముకల చారు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో రాగి సంగటి వండిన ఇంట చారు ఉండక తప్పదు. మేకకాళ్ళు, మెడ ఎముకలు తొడమాంసముకంటె చవుక, కాని బిరుసు. ఆ బిరుసునకు కారణము కొల్లాజెన్ అను పదార్థము. సన్నని సెగపై మూడు నాలుగు గంటలు నీటిలో ఉడికినచో అది జెలటిన్‌గా మారి చారులో కలియును. చల్లారిన చారు ముద్దకట్టుట అందువలననే. నీరు తెర్లిన పిదప మంట ఎంత హెచ్చించినను వేడి పెరుగదు. కట్టెలు కాలును గాని కాళ్ళు త్వరగా ఉడుకవు!

మొదటిపూట సంగటికి ఈ చారు చాలును. ఎముకల నంటిన మాంసమును ఒలిచి, చలికాలమున దొరకు పచ్చి అనపగింజలతో మరుసటిపూట కూర చేయవచ్చును. గింజలలోను మాంసకృత్తులు కలవు గనుక కొద్ది మాంసమే ఇంటిల్లిపాదికి సరిపోవును.

మిగిలిన చారును రాత్రియంతయు పొయ్యిమీదనే గోరువెచ్చగా ఉంచరాదు, సూక్ష్మజీవులు పెరుగును. వెడల్పు గిన్నెలో త్వరగా చల్లార్చి ఫ్రిజ్జులో పెట్టి, మరునాడు తెర్లకాచి వాడవలెను. ఫ్రిజ్జు లేని ఇంట ఏ పూటకాపూట తగినంతయే వండవలెను.