చివరి జాములో పక్కన ఎవరు?

'డూలా' అనే మాట మన సంఘాల్లో చాలామందికి కొత్త. కానీ దాని వేరు బైబిలు చదివేవారికి పాతదే. గ్రీకు భాషలో దూలే అంటే దాసురాలు. దేవదూత కబురు విన్న మరియ తాను ప్రభువు దాసురాలినని చెప్పుకున్నది ఆ మాటతోనే (లూకా 1:38). పాశ్చాత్య దేశాల్లో మొదట కాన్పు సమయంలో తల్లి పక్కన ఉండే స్త్రీకి ఆ పేరు వచ్చింది. పుట్టేటప్పుడు తోడున్నట్టే పోయేటప్పుడూ ఒకరు తోడుండాలని 2003లో న్యూయార్కులో హెన్రీ ఫెర్స్కో-వైస్ అనే ఆయన శిక్షణ మొదలుపెట్టాడు. ఈ తోడు మనిషి మందివ్వదు, సూది వేయదు. పక్కన కూర్చుంటుంది, రోగి చెప్పేది వింటుంది, ఎవరికి ఏం చెప్పి వెళ్లాలనుకుంటున్నాడో అడిగి తెలుసుకుంటుంది. నాలుగు రాత్రులుగా నిద్రలేని ఇల్లాలిని కాసేపు పడుకోబెడుతుంది.

ఇదేం పెద్ద విశేషం, మన పల్లెల్లో ఇరుగుపొరుగు చేసేది ఇదేగా అనవచ్చు. నిజమే. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవి దాకా వెళ్లండి. మంచాన పడ్డ మనిషి ఇంటి ముందు జనం లేకుండా ఉండరు. అయితే జనం ఉండటం వేరు, తోడుండటం వేరు. వచ్చినవాళ్లు ఇంకో డాక్టరు పేరు, ఇంకో పసరు పేరు చెబుతారు. ఇంటివాళ్లు అప్పుచేసి బండి మాట్లాడి మూడు వందల కిలోమీటర్లు దాటి హైదరాబాదుకు పరుగెడతారు. నయంకాదని తెలిశాక కూడా అలా తిప్పి తిప్పి, సొంత మంచం మీద పోవలసిన ప్రాణాన్ని దారిలో పోగొట్టుకుంటారు.

"అయ్యగారూ, ఆయనకు క్యాన్సరని మాత్రం చెప్పకండి" అని గుమ్మంలోనే చెయ్యి పట్టుకునే కుటుంబాలు ప్రతి కాపరికీ ఎదురవుతాయి. లోపలున్న మనిషికి సంగతి తెలిసే ఉంటుంది. ఇంటివాళ్లు బాధపడతారని ఆయన మాట్లాడడు, ఆయన బాధపడతాడని వీళ్లు మాట్లాడరు. పొలం కాగితాలు, చిన్నకూతురి పెళ్లి, తమ్ముడితో పదేళ్ల పగ - అన్నీ మాటల్లో పడకుండానే సమాధికి వెళతాయి.

ఇక్కడ మన ప్రార్థనలను కూడా పరిశీలించుకోవాలి. స్వస్థత కోసం ప్రార్థించడం మన బాధ్యతే. కానీ స్వస్థత తప్ప మరో మాట ఎత్తితే అవిశ్వాసమన్నట్టు ప్రవర్తిస్తే రోగి నోరు మనమే నొక్కేసినట్టు. హిజ్కియాకు పదిహేనేళ్ల ఆయుష్షు పెరిగిందని గుర్తుచేసేవారు ఒక సంగతి మరచిపోతారు. యెషయా మొదట ఆయనకు ఉన్న నిజం చెప్పి, ఇల్లు చక్కబెట్టుకొమ్మన్నాడు (2 రాజులు 20:1). హిజ్కియా కన్నీటి ప్రార్థన ఆ నిజం విన్నాకే.

యోబు స్నేహితులను మనం ఎప్పుడూ తిడుతుంటాం. వాళ్లు మొదటి ఏడు రోజులు నేలమీద మౌనంగా కూర్చున్నారు (యోబు 2:13). వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే! నోరు తెరిచాకే చెడింది. గెత్సేమనేలో ప్రభువు తన ముగ్గురు శిష్యులను కోరింది కూడా ప్రసంగం కాదు, తనతో మెలకువగా ఉండమని మాత్రమే (మత్తయి 26:38).

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ విశ్వాసి. నర్సుగా, సామాజిక కార్యకర్తగా పనిచేసి, తర్వాత డాక్టరయింది. శరీరం నొప్పితోపాటు మనసు, కుటుంబం, ఆత్మ కూడా నొప్పి పడతాయని, అన్నింటినీ కలిపి చూడాలని బోధించింది. 2005లో తాను స్థాపించిన ఆ హాస్పిస్‌లోనే కన్నుమూసింది. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ సేవ ఊరూరా మామూలు మనుషులనే వాలంటీర్లుగా తయారుచేసింది. మన రాష్ట్రంలోనూ హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రితో పాటు ఖమ్మం వంటి జిల్లాల ప్రభుత్వాస్పత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు ఏర్పడ్డాయి. 'ఆలన' పేరుతో ఇంటికి వచ్చి చూసే ఏర్పాటూ చేశారు. నొప్పికి మార్ఫిన్ ఇస్తే అది మత్తుమందని భయపడే విశ్వాసులున్నారు. డాక్టరు కొలిచి ఇచ్చే మార్ఫిన్ పాపం కాదు. దాన్ని రోగులకు అందుబాటులోకి తేవడానికే 2014లో చట్టాన్ని సవరించారు.

అయినా వాగులు పొంగితే ఏ బండీ రాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజులు మనకు తెలుసు. అలాంటప్పుడు మంచం పక్కన ఉండేది ఊళ్లోని సంఘమే. ఒకప్పుడు బైబిలు స్త్రీలు గడపగడపకూ నడిచి వెళ్లేవారు. ఆ పనిని స్త్రీల మైత్రి తిరిగి చేపట్టవచ్చు. రాత్రికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకుంటే చాలు. వాళ్లకు ముందే కొన్ని సంగతులు నేర్పాలి. చివరి రోజుల్లో ఆకలి, దాహం తగ్గిపోవడం సహజం. మింగలేని నోట్లో బలవంతంగా పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. శుభ్రమైన తడిగుడ్డతో పెదవులు తడిపితే చాలు. చేతులు, కాళ్లు చల్లబడతాయి, ఊపిరి ఆగి ఆగి వస్తుంది, గొంతులో గరగర వినిపిస్తుంది. అప్పుడు కంగారుగా లేపి కూర్చోబెట్టకుండా ఒక పక్కకు ఒత్తిగిలించాలి. కళ్లు మూసుకున్నా వినబడుతూ ఉండవచ్చని డాక్టర్లు చెబుతారు. కాబట్టి అంత్యక్రియల ఖర్చు సంగతి ఆ గదిలో మాట్లాడవద్దు. పేరుపెట్టి పిలిచి, ఎవరొచ్చారో చెప్పి, ఆయనకిష్టమైన కీర్తన మెల్లగా పాడాలి. మధ్యలో ఇల్లాలికి గ్లాసెడు టీ పెట్టివ్వడం మరచిపోవద్దు.