విటమిన్ సి – మన ముంగిట ఉన్న మందు

మానవునికి కలిగే వ్యాధులలో కొన్ని క్రిముల వలన వస్తాయి. మరికొన్ని ఆహారంలో ఉండవలసినది లేకపోవడం వలన వస్తాయి. రెండవ కోవకు చెందినది స్కర్వీ. తొలుత నీరసం, కీళ్ళనొప్పులు. తరువాత చిగుళ్ళు ఉబ్బి రక్తం కారడం, వెంట్రుకల మొదళ్ళ చుట్టూ ఎర్రని మచ్చలు, గాయాలు మానకపోవడం దీని లక్షణాలు. ఉపేక్షిస్తే ప్రాణాపాయం.

పూర్వం సుదూర సముద్రయానం చేసే నావికులు అసంఖ్యాకంగా ఈ వ్యాధికి బలి అయ్యారు. 1747లో స్కాట్లండు దేశస్థుడైన నౌకావైద్యుడు జేమ్స్ లిండ్ పన్నెండుమంది రోగులను ఆరు జంటలుగా చేసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క పదార్థమిచ్చి పరీక్షించాడు. నారింజ, నిమ్మపండ్లు తిన్నవారే త్వరగా కోలుకున్నారు. ఆ పండ్లలోని మహిమ విటమిన్ సి అని రూఢి కావడానికి 1932 దాకా పట్టింది. అందుకు కారకులలో ఒకరైన హంగరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్ జ్యార్జి 1937లో నోబెల్ బహుమతి పొందాడు.

చర్మాన్ని, ఎముకలను, రక్తనాళాల గోడలను పట్టి ఉంచే మాంసకృత్తు కొల్లాజెన్. అది గట్టిపడడానికి విటమిన్ సి కావాలి. ఆవు, మేక తమ శరీరంలోనే దీనిని తయారుచేసుకుంటాయి. మనిషికి ఆ శక్తి లేదు. ఆహారంలో బొత్తిగా లోపిస్తే ఒకటి నుంచి మూడు నెలలలో వ్యాధి లక్షణాలు బయటపడతాయి. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో పురుషులకు రోజుకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు అవసరమని సూచించింది. బాలింతలకు, పొగత్రాగేవారికి ఇంకా ఎక్కువ కావాలి.

ఇది కేవలం పేదల వ్యాధి కాదు; మార్పులేని భోజనం వలన వచ్చే వ్యాధి. పటాన్‌చెరు, అమీన్‌పూర్ ప్రాంతాలలో అద్దె గదులలో ఒంటరిగా వండుకునే కార్మికుడు, వసతిగృహ విద్యార్థి, పళ్ళూడి మెత్తని అన్నంతో సరిపెట్టుకునే వృద్ధుడు, ఏడాది దాటినా కాచిన పాలతోనే పెరిగే బిడ్డ – వీరందరూ జాగ్రత్తపడవలసినవారే.

పులుపంతా విటమిన్ సి అనుకోవడం పొరపాటు. మనం నిత్యం వాడే చింతపండులో అది అత్యల్పం. నిమ్మ, ఉసిరి, జామ, మునగాకు, కొత్తిమీర, పచ్చిమిరపలలో సమృద్ధిగా ఉంటుంది. నూరు గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా లభిస్తుంది. అంటే ఒక మోస్తరు కాయ ఒక్కటి చాలు, ఆ రోజు అవసరం తీరినట్లే. ఈ సంపద మన జిల్లాలోనే ఉన్నది. కోహీరు జామను అలహాబాదు సఫేదాతో సంకరపరచి సంగారెడ్డి ఫలపరిశోధనా కేంద్రం ‘సఫేద్ జామ్’, ‘కోహీర్ సఫేదా’ రకాలను రూపొందించింది. జామ తింటే జలుబు చేస్తుందని పిల్లలకు పెట్టకపోవడం అపోహ మాత్రమే.

విటమిన్ సి నీటిలో కరుగుతుంది, వేడికి నశిస్తుంది, గాలి తగిలితే క్షీణిస్తుంది. కనుక కూరలను కడిగిన తరువాతనే తరగాలి. తక్కువ నీటిలో, మూతపెట్టి, కొద్దిసేపే ఉడికించాలి. వార్చిన నీటిని పారబోయరాదు. నిమ్మరసాన్ని పొయ్యి మీదనుంచి దించిన తరువాతనే పిండాలి. పప్పులో, ఆకుకూరలో పిండిన నిమ్మరసం వాటిలోని ఇనుమును శరీరం గ్రహించడానికి తోడ్పడుతుంది. రక్తహీనత గల స్త్రీలకు ఇది ఎంతో మేలు.

చిగుళ్ళ నుంచి రక్తం కారడానికి దంతవ్యాధుల వంటి ఇతర కారణాలూ ఉంటాయి గనుక వైద్యుని సంప్రదించాలి. తోచినట్లు పెద్దమోతాదు మాత్రలు మ్రింగరాదు. మూత్రపిండాలలో రాళ్ళున్నవారికి అవి హాని చేయవచ్చు. నిజంగా లోపమే అయితే, తగిన చికిత్సతో కొద్దిరోజులలోనే గుణం కనిపిస్తుంది. ఇంత సులభంగా నివారింపదగిన వ్యాధికి మనలో ఏ ఒక్కరూ గురికాకూడదు. మన విద్యార్థులు ఈ నాలుగు మాటలను తమ ఇండ్లలోని పెద్దలకు, ప్రక్క గదులలోని శ్రామికులకు తెలియజెప్పగలిగితే వారి చదువు సార్థకమైనట్లే.